సెలవులకు పిల్లల్ని పల్లెకు పంపేముందు

వేసవి సెలవుల్లో పిల్లల్ని పల్లెలో ఉండే తాతయ్య, నానమ్మల దగ్గర దింపి రావడం అందరికీ హాయే. పిల్లలకు ఆట, పెద్దవాళ్లకు సందడి, మనకు కాస్త ఊపిరి. కాకపోతే అది ఏడాది పొడుగునా ఇద్దరు పెద్దవాళ్లే తిరిగే ఇల్లు. వంగలేరు, ఎక్కలేరు కాబట్టి అన్నీ చేతికందేలా పెట్టుకుంటారు. పిల్లలకూ అవి అంతే సులువుగా అందుతాయి. అందుకే దింపేసి ఆ పూటే బయల్దేరకండి. ఒక రాత్రి ఉండి, ఇల్లూ దొడ్డీ పిల్లల ఎత్తు నుంచి ఒకసారి చూడండి.

పాముల గురించి అందరూ అడుగుతారు, మాత్రల గురించి అడిగేవాళ్లు తక్కువ. నా లెక్కలో ముందు చూడాల్సినవి మాత్రలే. తలగడ కింద, చొక్కా జేబులో, మంచం పక్క స్టూలు మీద, ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. వారానికి సరిపడా మాత్రలు సర్దుకునే గళ్ల డబ్బాను రెండేళ్ల పిల్ల కూడా గోటితో తెరిచేయగలదు. బీపీ, షుగరు మాత్రల్లో కొన్ని ఒక్కటి మింగినా చిన్నపిల్లల ప్రాణం మీదికి వస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలతో రక్తంలో చక్కెర కొన్ని గంటలు గడిచాక పడిపోవచ్చు. కాబట్టి ‘బాగానే ఆడుకుంటున్నాడుగా’ అని ఊరుకోకూడదు. మింగాడన్న అనుమానం వస్తే చాలు, ఆ మాత్రల అట్ట పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. మందులన్నీ బీరువాలో పెట్టి తాళం వేయమంటే, ‘కళ్లెదురుగా లేకపోతే వేసుకోవడం మర్చిపోతానురా’ అంటుంది నానమ్మ. అదీ నిజమే. ఆవిడ ఫోనులో వేళకు మోగేలా అలారం పెట్టి రండి.

పురుగుమందు, కిరోసిన్, యాసిడ్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంటే అప్పటికప్పుడు తీయించండి. దాహంతో పరిగెత్తుకొచ్చిన పిల్లాడు వాసన చూడకుండానే మూత తీసి తాగేస్తాడు. ఒకవేళ తాగితే బలవంతంగా కక్కించవద్దు. కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ పైకి వస్తూ గొంతును మళ్లీ కాలుస్తుంది.

ఇక నీళ్లు. మునిగిపోయే పిల్లలు కేకలు వేస్తారని, చేతులు కొడతారని అనుకుంటాం. చాలాసార్లు చప్పుడే ఉండదు. నోరు నీళ్లలో ఉంటే అరవడానికి ఊపిరి ఎక్కడిది? నడక నేర్చిన పసివాళ్లకు సగం నిండిన బకెట్టు కూడా ప్రమాదమే. తల బరువుకు ముందుకు తూలితే తిరిగి లేవలేరు. తొట్టెలు, బకెట్లు వాడగానే బోర్లించాలి. బావికి గట్టి మూత ఉండాలి. ఈత వచ్చిన పిల్లలైనా సరే, చెరువుకీ కాలువకీ పెద్దవాళ్లు తోడు లేకుండా వెళ్లకూడదు. స్నేహితుడు మునుగుతుంటే వెనకే దూకొద్దని, తాడో కర్రో అందించి పెద్దగా అరవమని ముందే చెప్పి ఉంచండి. ఇద్దరూ పోయేది ఆ దూకడంలోనే.

ఇక్కడే అసలు ప్రశ్న: ఎవరు చూస్తుంటారు? ఇంటినిండా మనుషులున్నప్పుడే పిల్లలు కనబడకుండా పోతారు. ఒకరు చూస్తున్నారులే అని ఇంకొకరు అనుకుంటారు. అందుకే ‘ఇప్పుడు నేను చూస్తున్నా’, ‘ఇదిగో, నీకు అప్పజెప్పా’ అని నోటితో చెప్పుకోవడం అలవాటు చేసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న తాతయ్య మూడేళ్లవాడి వెనక పరిగెత్తలేడు. ఆ మాట ఆయన చెప్పుకోడు, మనమే గమనించాలి. మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీసే వేళకు తలుపు గడియ పైన ఉండాలి, లేదా చూసుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి. రెండూ కుదరకపోతే మరీ చిన్నవాళ్లను ఈ ఏడాదికి పంపకపోవడమే మేలు.

ట్రాక్టరు మడ్‌గార్డు మీద సరదాకైనా కూర్చోబెట్టొద్దు. వెనక్కి తీసేటప్పుడు పిల్లలెక్కడున్నారో కళ్లతో చూశాకే తీయాలి. ఎండ ముదిరాక ఇంటిపట్టున ఉంచాలి. తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది మామూలు జ్వరం అనుకోకూడదు. నీడలో పడుకోబెట్టి, ఒంటిమీద నీళ్లు పోస్తూ, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహలో లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు.

చీకటి పడితే టార్చి, చెప్పులు తప్పవు. బూట్లు దులిపాకే వేసుకోవాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏవీ వద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా, పిల్లల్ని నడిపించకుండా ఎత్తుకుని వెళ్లాలి. విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రి ఏదో, రాత్రివేళ బండి ఎవరిదో ముందే కనుక్కుని నంబర్లు గోడకు పెద్ద అక్షరాలతో అంటించండి. పిల్లల బరువూ పక్కనే రాయండి. జ్వరం మందు మోతాదు బరువును బట్టే ఉంటుంది. పారాసెటమాల్ సిరప్‌ల్లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములున్నవీ ఉంటాయి, 250 ఉన్నవీ ఉంటాయి. ఏ సీసా వాడాలో చూపించి, కొలత మూత కూడా ఇచ్చి రండి.

కుక్క గీరినా, పంటి గాటు పడినా 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద కడగాలి, అదే రోజు టీకా వేయించాలి. తిడతారన్న భయంతో పిల్లలు ఈ సంగతి దాచేస్తారు. ‘కుక్కను కెలికినందుకు తిట్టను, చెప్పకపోతేనే తిడతాను’ అని బయల్దేరే ముందు తాతయ్య ఎదురుగానే వాళ్లతో అనండి.