యాంటీబయాటిక్ వాడేటప్పుడు కడుపులోని మేలు సూక్ష్మజీవులను కాపాడుకోవడం ఎలా

మన ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. లెక్కలో మన సొంత కణాలకు ఇంచుమించు సమానం. బరువు తూస్తే మాత్రం అన్నీ కలిసి పావుకిలో లోపే. వీటిలో చాలావరకు పెద్దపేగులోనే ఉంటాయి. మనకు అరగని పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరకు ముఖ్యమైన ఆహారం అదే. విటమిన్ కె, కొన్ని బి విటమిన్లు కూడా ఇస్తాయి. వీటన్నిటికంటే పెద్ద మేలు ఇంకొకటుంది: జాగా ఖాళీగా వదలవు. బయటినుంచి చెడ్డ క్రిమి వచ్చినా దానికి నిలవడానికి చోటుండదు, తినడానికి మిగలదు.

యాంటీబయాటిక్ జబ్బు క్రిమితోపాటు వీటినీ చంపుతుంది. విత్తు వేయని చేలో కలుపు లేచినట్టు, ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం డిఫిసిల్ వంటి చెడ్డ క్రిములు పెరిగి విరేచనాలు పట్టుకుంటాయి. అమాక్సిసిలిన్-క్లావులనేట్, సెఫిక్సిమ్, క్లిండామైసిన్‌లతో ఈ ఇబ్బంది కాస్త ఎక్కువ.

మాత్ర నిజంగా కావాలా?

జలుబు, మామూలు ఫ్లూ, చాలా రకాల గొంతునొప్పులు వైరస్ వల్ల వచ్చేవి. వాటిమీద అజిత్రోమైసిన్ పనిచేయదు, పేగులకు నష్టం మాత్రం చేస్తుంది. మందుల షాపులో 'జ్వరానికి గట్టి మాత్ర ఇవ్వన్నా' అని అడిగి తెచ్చుకోవద్దు. అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. పోయినసారి మిగిలిన రెండు మాత్రలు ఈసారికి పనికొస్తాయనుకోవడం కూడా తప్పే. అదే న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటి వాటికి డాక్టరు రాసిస్తే వెనకాడకండి, చెప్పినన్ని రోజులు వేసుకోండి. ఈ మందులు ప్రాణాలు నిలబెట్టినవి. 1948లో బయటికొచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెనకున్న పరిశోధన బృందాన్ని నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు మన తెలుగువారే.

కోర్సు నడిచే రోజుల్లో

పెరుగు, మజ్జిగ రోజూ తీసుకోండి, కానీ మాత్రకూ పెరుగుకూ కనీసం 2 గంటల ఎడం ఉండాలి. రెండూ ఒకేసారి కడుపులో పడితే పెరుగులోని బ్యాక్టీరియా అక్కడే చస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్‌లతో నష్టం మందుకే జరుగుతుంది: పాలు, పెరుగులోని కాల్షియం మందును పట్టేసుకుంటుంది, మందు రక్తంలోకి సరిగా ఎక్కదు, జబ్బు తగ్గదు. వీటిని పెరుగు తినడానికి 2 గంటల ముందో, తిన్న 6 గంటల తర్వాతో వేసుకోవాలి. ఉదయం 8కి, రాత్రి 8కి మాత్ర ఉంటే మధ్యాహ్నం ఒంటిగంటకు పెరుగన్నం తినండి, రెండువైపులా సరిపోతుంది.

డాక్టరు శాకరోమైసిస్ బౌలార్డీ పొట్లాలు రాస్తే అది ఈస్టు, బ్యాక్టీరియా కాదు. కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు. క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు దీన్ని సొంతంగా కొని వాడకూడదు.

సద్దన్నం, అంబలి: తప్పులు జరిగేది ఇక్కడే

సద్దన్నం మంచిదే, కానీ అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే క్రిమి బీజాలు ఉంటాయి. ఉడికినా చావవు. మధ్యాహ్నం వండిన అన్నం కుక్కర్‌లోనే రాత్రిదాకా ఉంటే ఆ వెచ్చదనానికి అవి మొలకెత్తి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు, వాసనతో పట్టుకోలేం. అందుకని రాత్రి వండిన అన్నాన్నే వాడండి. వెడల్పు పళ్లెంలో పరిచి గంటలోపు చల్లార్చి కుండలోకి తీయండి. కాచి చల్లార్చిన నీళ్లు అన్నం మీద రెండు వేళ్ల ఎత్తు నిలిచేలా పోసి, రెండు చెంచాల పెరుగు కలిపి మూత పెట్టండి. పెరుగు వేయడం రుచికే కాదు, పులుపు త్వరగా పట్టి చెడ్డ క్రిములను ఎదగనివ్వదు. చలికాలం 8 నుంచి 10 గంటలు ఉంచవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో రాత్రిపూట కూడా ఉక్కపోతే, 6 గంటలు చాలు. జిగురు సాగినా, రంగు మారినా పారబోయండి.

అంబలికి 50 గ్రాముల రాగిపిండిని గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూడు గ్లాసుల నీళ్లు మరిగించి పిండి పోస్తూ, అడుగంటకుండా తిప్పుతూ సన్నమంట మీద పది నిమిషాలు ఉడికించండి. చాలామంది పొయ్యి మీద ఉండగానే మజ్జిగ పోసేస్తారు. ఆ వేడికి మజ్జిగలోని బ్యాక్టీరియా అంతా చచ్చి పులుపు మాత్రమే మిగులుతుంది. వేలు పెట్టి ఓర్చుకోగలిగేంత గోరువెచ్చగా అయ్యాకే పోయాలి.

పెరుగు తోడేసేటప్పుడూ పాలు అంతే వెచ్చగా ఉండాలి, 40 నుంచి 45 డిగ్రీలు. లీటరుకు చలికాలం రెండు చిన్న చెంచాల తోడు, ఎండాకాలం అర చెంచా.

ఇంటివాళ్లకు తిండి

పెరుగులోని బ్యాక్టీరియా చుట్టంలాంటిది, నాలుగు రోజులుండి వెళ్లిపోతుంది. అసలు మేపాల్సింది పేగులో మిగిలిన ఇంటివాళ్లను, వాటికి కావలసింది పీచు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 11 గ్రాములు, జొన్నల్లో 10 గ్రాముల పీచు ఉంటే పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. పెద్దవాళ్లకు రోజుకు 25 నుంచి 30 గ్రాములు కావాలి. మధ్యాహ్నం సంగటి, రాత్రి జొన్నరొట్టె, పక్కన అలసందలో ఉలవలో తింటే చాలావరకు అందుతుంది. పచ్చి ఉల్లిపాయ కొరుక్కోండి, అందులోని ఇన్యులిన్ అనే పీచు మేలు బ్యాక్టీరియాకు ఇష్టమైన తిండి. పులివెందుల అరటి దొరికితే పూర్తిగా మాగకముందే ఒకటి తినండి.

ఇదంతా ఒక్కరోజులో మొదలుపెడితే పొట్ట ఉబ్బుతుంది. అక్కడ మిగిలిన కొద్ది బ్యాక్టీరియా ఆ పీచును పులియబెట్టి గ్యాస్ వదులుతుంది. మొదటి వారం నిమ్మకాయంత సంగటితో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో మామూలు ముద్దకు రండి, నీళ్లు బాగా తాగండి. పేగులోని చాలా బ్యాక్టీరియా జాతులు నెలా నెలన్నరలో తేరుకుంటాయి, కొన్నిటికి ఆరు నెలలు కూడా చాలదు.

నోరు, చర్మం, యోని కూడా ఇలాంటి కాపురాలే. రోజూ ఘాటు మౌత్‌వాష్ పుక్కిలించడం, ఒళ్లంతా యాంటీసెప్టిక్ సబ్బుతో రుద్దడం మానండి. యోని లోపల సబ్బు అసలు వాడొద్దు. అక్కడి లాక్టోబాసిల్లస్ అనే మేలు బ్యాక్టీరియా ఉంచే పులుపే కాపలా. పసిబిడ్డకు తల్లిపాలు మేలు బ్యాక్టీరియాకు కూడా తిండే.

ఎప్పుడు ఆస్పత్రికి?

విరేచనాలు మొదలైతే పీచు తగ్గించి పల్చని మజ్జిగన్నం తినండి. లీటరు నీళ్లకని రాసున్న ఓఆర్ఎస్ పొట్లాన్ని పూర్తిగా లీటరు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగండి. గ్లాసులో సగం పొట్లం వేస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం. రక్తం పడినా, జ్వరం, గట్టి కడుపునొప్పి ఉన్నా విరేచనాలు కట్టే మాత్ర వేసుకోవద్దు, విషం లోపలే నిలిచిపోతుంది. రోజుకు మూడుకు మించి నీళ్ల విరేచనాలు రెండు రోజులు ఆగకపోయినా, పిల్లలకు మూత్రం తగ్గినా వెంటనే పెద్దాస్పత్రికి వెళ్లండి. కోర్సు అయిపోయి కొన్ని వారాలైనా సరే, ఏ యాంటీబయాటిక్ వాడారో తప్పకుండా చెప్పండి, ఖాళీ అట్ట ఉంటే తీసుకెళ్లండి.