అమెరికా నాన్‌ప్రాఫిట్ బోర్డులో అన్ని జాతులకూ చోటు: పని ఎక్కడ మొదలుపెట్టాలి

నాన్‌ప్రాఫిట్ బోర్డులకు తోడ్పడే బోర్డ్‌సోర్స్ అనే సంస్థ 2021లో ప్రచురించిన సర్వే ప్రకారం అమెరికా నాన్‌ప్రాఫిట్ సంస్థలను రోజువారీ నడిపే ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లలో 87 శాతం, బోర్డు సభ్యుల్లో 78 శాతం శ్వేతజాతీయులు. ఇప్పుడు ఫుడ్ బ్యాంకులు, లైబ్రరీ ఫౌండేషన్లు, ఉచిత క్లినిక్‌ల బోర్డుల్లో తెలుగువాళ్లూ కూర్చుంటున్నారు. "డైవర్సిటీ సంగతి మీరే చూడండి" అని తరచూ వాళ్లకే అప్పగిస్తారు. ఆ పని మీ మీద పడితే ముందు బైలాస్, అంటే సంస్థ నియమావళి, తెరవండి. విలువల ప్రకటన తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు.

అయితే బైలాస్ ముట్టుకునే ముందు ఒక షీట్ కావాలి. ప్రతి సభ్యుడికీ ఒక వరుస: వృత్తి, జిప్ కోడ్, పదవీకాలం ముగిసే తేదీ, జాతి, చివరి గడిలో "బోర్డులోకి ఎవరు తెచ్చారు". జాతిని ఎవరికి వారే రాయాలి, మీరు ఊహించి నింపకూడదు. "చెప్పదలచుకోలేదు" అనే వీలూ ఉంచండి. అన్నిటికన్నా ఎక్కువ విషయం బయటపెట్టేది ఆ చివరి గడే. పన్నెండు మందిలో తొమ్మిది మంది ఇద్దరి స్నేహితులే అని తేలితే, జబ్బు ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు. ఇక పోల్చాల్సింది దేశ సగటుతో కాదు. మీరు సేవ చేసే జిప్ కోడ్‌ల జనాభా వివరాలు సెన్సస్ బ్యూరో వారి అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో దొరుకుతాయి, అయిదేళ్ల సగటు అంకెలు తీసుకోండి.

ఇక్కడ ఒక గోతిలో చాలా బోర్డులు పడతాయి. "ఆసియన్" అన్న ఒక్క గడిలో తెలుగు ఇంజనీరు, లావోస్ వైపు నుంచి వచ్చిన మాంగ్ తెగ శరణార్థి, చైనీస్ రెస్టారెంట్ కార్మికుడు అందరూ వస్తారు. మాంగ్ కుటుంబాలకు సేవచేసే సంస్థ ఒక భారతీయ డాక్టరును చేర్చుకుని లెక్క సరిపోయిందనుకుంటే అది కాగితం మీది లెక్కే. మన తెలుగు సంఘాలదీ ఇంకో రకం కథ: జాతి గడిలో అందరూ ఒకటే, కులం లెక్కేస్తే అసలు బొమ్మ కనబడుతుంది. కులవివక్షను నిషేధిస్తూ సియాటిల్ 2023 ఫిబ్రవరిలో ఆర్డినెన్స్ తెచ్చాక ఆ ప్రశ్నను పక్కకు నెట్టడం కష్టమే.

ఇప్పుడు బైలాస్. ఖాళీ లేని కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టలేం. మూడేళ్ల చొప్పున వరుసగా రెండు పర్యాయాలు, తర్వాత కనీసం ఏడాది విరామం అన్నది బాగా నడిచే పద్ధతి. పన్నెండు మంది బోర్డయితే ఏటా నాలుగు కుర్చీలు ముగింపుకు రావాలి. సవరణ రాసేటప్పుడు జరిగే పొరపాటు ఏమిటంటే, "ఈ తేదీ నుంచి లెక్క" అని రాసేస్తారు. పదిహేనేళ్లుగా ఉన్నవాళ్లకు ఇంకో ఆరేళ్లు కానుకగా దక్కుతుంది. గడిచిన కాలాన్నీ లెక్కలోకి తీసుకునే నిబంధన పెట్టండి: ఆరేళ్లు దాటినవారికి ఒక్క ఏడాది గడువు, మిగతావారు ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల గడువులకు చీటీలు తీస్తారు. నాన్‌ప్రాఫిట్‌లు ఏటా పన్నుల శాఖకు ఇచ్చే ఫారం 990ను పూర్తిగా నింపే సంస్థ అయితే ముఖ్యమైన సవరణలను అందులో తెలపాలి.

తర్వాతి అడ్డు డబ్బు. ఒక్కో సభ్యుడు ఏటా అయిదు వేల డాలర్లు ఇవ్వాలి లేదా తేవాలి అన్న నియమం ఉంటే, మీరు పిలవాలనుకునే నర్సూ స్కూలు టీచరూ గుమ్మం దగ్గరే ఆగిపోతారు. అలాగని విరాళాన్ని పూర్తిగా ఎత్తేయకండి. సభ్యులంతా ఇస్తున్నారా అని గ్రాంటిచ్చేవాళ్లు అడుగుతారు. ఎవరి స్తోమతకు తగ్గట్టు వారు ఎంతో కొంత ఇవ్వాలని మార్చండి, ఇరవై డాలర్లయినా సరే. మధ్యాహ్నం మీటింగులను సాయంత్రం ఆరున్నరకు మార్చండి. రాకపోకల ఖర్చు, పిల్లల్ని చూసుకునేందుకయ్యే ఖర్చు రసీదు మీద తిరిగి ఇవ్వండి. 1997 నాటి ఫెడరల్ వాలంటీర్ ప్రొటెక్షన్ చట్టం న్యాయమైన ఖర్చుల చెల్లింపును జీతంగా చూడదు. అది కాకుండా ఏడాదికి 500 డాలర్లు మించి ఏదైనా ఇస్తే మాత్రం సభ్యుడికి ఆ చట్టం ఇచ్చే రక్షణ పోతుంది.

మనుషులను వెతకడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పెట్టుకోండి. ముందు ఫైనాన్స్ కమిటీలోనో ప్రోగ్రాం కమిటీలోనో బయటివారిని చేర్చుకోండి. ఒకరినొకరు చూసుకున్నాక బోర్డుకు పిలవడం తేలిక. ట్రెజరర్ కావాలంటే నల్లజాతి అకౌంటెంట్ల సంఘం నాబా స్థానిక శాఖను, హిస్పానిక్ చాంబర్ ఆఫ్ కామర్స్‌ను అడగండి. ఒక్కరిని మాత్రం ఎప్పుడూ ఒంటరిగా చేర్చకండి. ఇద్దరు, వీలైతే ముగ్గురు ఒకేసారి రావాలి. ఒక్కరే ఉంటే ప్రతి మాటా "మీ వర్గం ఏమంటుంది" అన్న ప్రశ్నకు జవాబైపోతుంది, ఏడాది తిరక్కుండా రాజీనామా వస్తుంది.

చట్టం సంగతి. "ఈ కుర్చీ నల్లజాతివారికే" అని రాయకండి. ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ ఉద్యోగి కాబట్టి పదిహేను మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలో ఉద్యోగ వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల చట్టం టైటిల్ 7 వర్తిస్తుంది. ఒప్పందాల్లో జాతివివక్షను 1866 నాటి పౌరహక్కుల చట్టం నిషేధిస్తుంది, దానికి సిబ్బంది సంఖ్యతో పనిలేదు. కేవలం నల్లజాతి మహిళలకే గ్రాంటు పోటీ పెట్టిన ఫియర్‌లెస్ ఫండ్ అనే పెట్టుబడి సంస్థను 2024లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు (11వ సర్క్యూట్) ఆపింది ఆ చట్టం కిందే. ఫెడరల్ గ్రాంట్లు తీసుకునేవారు డైవర్సిటీ కార్యక్రమాలపై అధ్యక్షుడు 2025 జనవరిలో ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ 14173ను లాయరుకు చూపించాకే ఏ అంకెలైనా రాతలో పెట్టాలి. పిలిచే వల విస్తరించడం, అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నలు, మాట్లాడుకునే ముందే ఎవరి మార్కులు వారు వేయడం: ఇవి ఎప్పుడైనా చేయదగ్గవే. జీతం ఎంతో ప్రకటనలోనే వేయండి. కాలిఫోర్నియా, కొలరాడో, న్యూయార్క్‌లలో చట్టమే అడుగుతుంది.

కొత్తవారు వచ్చాక ఎగ్జిక్యూటివ్ కమిటీ జాబితా చూడండి. అసలు నిర్ణయాలు అక్కడే జరుగుతుంటే, బోర్డు ఫొటో మారినా సంస్థ మారలేదు. రెండో ఏడాదికల్లా కొత్తవారిలో ఒకరు ఏదో ఒక కమిటీకి చైర్ కావాలి, అదీ డైవర్సిటీ కమిటీ కాకుండా.

అన్నిటికన్నా ఎక్కువ చెడేది ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ మారేటప్పుడు. వ్యవస్థాపకుడు దిగిపోతాడు, ఖజానాలో రెండు నెలల ఖర్చు మిగిలి ఉంటుంది, మొదటి నల్లజాతి డైరెక్టరును గొప్పగా ప్రకటిస్తారు, దాతల ఫోన్లు పాతాయనకే వెళ్తుంటాయి. నియామకానికి ముందే మూడు నుంచి ఆరు నెలల నిర్వహణ ఖర్చు నిల్వలో ఉండాలి. పెద్ద దాతల జాబితా రాసి, పాత డైరెక్టర్ మొదటి తొంభై రోజుల్లో ఒక్కొక్కరి దగ్గరికీ కొత్తవారిని తీసుకెళ్లి పరిచయం చేయాలి. ఆ తర్వాత ఆయనకు బోర్డులో కుర్చీ వేయకండి, గౌరవ సభ్యుడిగా కూడా.