ఎస్‌ఎస్‌హెచ్ నేర్చుకుందాం – 5వ పాఠం: ప్రోగ్రామ్ అక్కడ, విండో ఇక్కడ

దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతే ఎస్‌ఎస్‌హెచ్. కిందటి పాఠంలో పాస్‌వర్డ్ అవసరం లేకుండా కీలతో లాగిన్ అయ్యాం. ఇంతవరకూ టెర్మినల్‌లో అక్షరాలే చూశాం. ఈసారి దూరంగా ఉన్న లినక్స్ మెషీన్‌లో గ్రాఫికల్ ప్రోగ్రామ్ నడిపి, దాని విండోను మన ల్యాప్‌టాప్‌లో తెరుద్దాం. మొత్తం డెస్క్‌టాప్ రాదు, ఆ ఒక్క విండోనే వస్తుంది.

దీనికి ఆధారం ఎక్స్ విండో సిస్టమ్, అంటే తెర మీద విండోలు గీసే వ్యవస్థ. 1984లో ఎంఐటీలో మొదలైంది, నేటికీ వాడుతున్న ఎక్స్11 1987లో వచ్చింది. కొత్తవాళ్లంతా తడబడేది ఇక్కడే: ఇందులో సర్వర్ అంటే తెర, కీబోర్డు, మౌస్ ఉన్న మన కంప్యూటరే. ఇక్కడ గీత గియ్యి, అక్కడ అక్షరం వెయ్యి అని అడిగే దూరపు ప్రోగ్రామ్ క్లయింట్. అంటే ఎక్స్ సర్వర్ ఉండాల్సింది మన దగ్గర. లినక్స్ డెస్క్‌టాప్‌లో మామూలుగా ఉంటుంది. మ్యాక్‌లో ఎక్స్‌క్వార్ట్జ్, విండోస్‌లో మోబాఎక్స్‌టెర్మ్ వేసుకోండి.

అవతలి మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల ఫైల్లో ఎక్స్11 ఫార్వార్డింగ్‌కు (విండోను ఎస్‌ఎస్‌హెచ్ దారిన మన దగ్గరికి పంపడానికి) 'యెస్' అని ఉండాలి, ఎక్స్ అనుమతులు చూసుకునే ఎక్స్‌ఆథ్ ప్రోగ్రామ్ కూడా ఉండాలి. అది లేకపోతే విండో రాదు.

ఇక లాగిన్ కమాండ్‌లో గీత పక్కన పెద్ద ఎక్స్ (-X) చేర్చండి. చిన్న ఎక్స్ కొడితే ఫార్వార్డింగ్ ఆగిపోతుంది, జాగ్రత్త! లోపలికి వెళ్లాక, విండో ఏ తెరకు వెళ్లాలో చెప్పే డిస్‌ప్లే వేరియబుల్ చూస్తే సాధారణంగా 'లోకల్‌హోస్ట్:10.0' అని ఉంటుంది. దాన్ని ఎస్‌ఎస్‌హెచ్ పెట్టింది, మీరు ముట్టుకోవద్దు. అందులో సొంత ఐపీ అడ్రస్ రాయడం ఎస్‌ఎస్‌హెచ్ లేని కాలపు అలవాటు. అలా రాస్తే విండో ఒకవేళ తెరుచుకున్నా, డేటా ఎన్‌క్రిప్షన్ లేకుండా బయటి దారిన పోతుంది.

పెద్ద వై అనే ఆప్షన్ కూడా ఉంది. ఎక్స్‌లో ఒక ప్రోగ్రామ్ పక్క విండోలో కొట్టే అక్షరాలనూ వినగలదు. పెద్ద ఎక్స్ దానికి అడ్డుకట్ట వేస్తుంది, వై ఆ కట్టు తీసేస్తుంది. డెబియన్, ఉబుంటులలో మాత్రం మామూలు సెట్టింగులతో ఎక్స్ కొట్టినా వై లాగే నడుస్తుంది. కాబట్టి మీకు నమ్మకం లేని మెషీన్‌కు ఈ రెండూ వద్దు.

హైదరాబాద్ నుంచి అమెరికాలోని మెషీన్‌కు కలిస్తే టెక్స్ట్ ఎడిటర్‌తో ఎలాగోలా నెట్టుకురావచ్చు, బ్రౌజర్‌తో విసుగే. ప్రతి చిన్న పనికీ కబురు అంత దూరం వెళ్లి రావాలి మరి. పెద్ద సీ పెట్టి కంప్రెషన్ చేస్తే డేటా తగ్గుతుంది, దూరం తగ్గదు.

అభ్యాసం: ఎక్స్‌క్లాక్ కమాండ్ చివర '&' పెట్టి (టెర్మినల్ ఖాళీగా ఉండేలా వెనకాల) నడపండి. గడియారం కనిపించాక, దాన్ని మూయకుండానే లాగౌట్ చేయండి. టెర్మినల్ ఎందుకు కదలకుండా ఆగిందో ఆలోచించి, అప్పుడు గడియారం మూసి చూడండి. జవాబు పోర్ట్ ఫార్వార్డింగ్‌తో పాటు 6వ పాఠంలో.