చలికాలపు పెరట్లో మిజునా, కొమత్సునా
జపాను ఆకుకూరలైన మిజునా, కొమత్సునా రెండూ మన ఆవాల కుటుంబానికి చెందినవే కాబట్టి, విజయనగరం ప్రాంతపు పెరళ్లలో వీటిని పెంచదలచినవారు తోటకూర మాదిరిగా ఏడాది పొడవునా విత్తకుండా, పెద్ద వానలు తగ్గి రాత్రులు చల్లబడే నవంబరు వరకు ఆగడం మంచిది. ఎండ ముదిరిందంటే మొక్క పూతకు వచ్చి, ఆకు ఘాటెక్కుతుంది.

బాగా చివికిన గత్తం కలిపిన మడిలో అర అంగుళం లోతున విత్తితే నాలుగైదు రోజుల్లో మొలకలు వస్తాయి. అసలు జాగ్రత్త అక్కడే మొదలవుతుంది. లేత ఆకులపై సూదితో పొడిచినట్టు సన్నని చిల్లులు కనిపిస్తే, అది ముట్టుకోగానే ఎగిరి గెంతే చిన్న నల్లని పెంకు పురుగు పని. ఈ ఆకును పచ్చిగానూ తింటారు గనుక, పురుగు పట్టాక మందు కొట్టడం కన్నా, విత్తిన రోజే వెదురుబద్దలు వంచి సన్నని కన్నుల దోమతెర కప్పి, అంచులను మట్టితో మూసివేయడం ఎంతో మేలు. నిరుడు ఆవాల కుటుంబానికే చెందిన ముల్లంగి వేసిన మడిని మాత్రం ఎంచుకోకండి. ఆ పురుగు నేలలోనే ఉండిపోయి, తెర లోపలే పైకి లేస్తుంది.

మొక్క జానెడు ఎదిగాక, వేరుతో పీకకుండా నేలకు రెండు అంగుళాల ఎత్తున కోస్తే, మిజునా మళ్లీ చిగురించి ఇంకో రెండు కోతలైనా ఇస్తుంది. కొమత్సునా కాడలు పెసరపప్పులో చక్కగా ఒదుగుతాయి, కాని పప్పు ఉడికిన తరువాతే వేయాలి.