బావి ఈత నమ్ముకుని సముద్రంలో దిగొద్దు: గోవా పోయేవాళ్లకు జాగ్రత్తలు

డిసెంబర్ వచ్చిందంటే హన్మకొండ, కాజీపేట, పరకాల నుంచి దోస్తులు గుంపులుగా గోవా బయల్దేరతారు. "మనకు ఈత రాదా ఏంది, వ్యవసాయ బావిల గట్టు మీది నుంచి దూకినోళ్లం" అనేవాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. భయమంతా వాడి గురించే. ఈత రానివాడు మోకాళ్ల లోతులోనే ఆగిపోతాడు.

బావిలో నాలుగు బారలు వేస్తే గోడ అందుతుంది. సముద్రంలో అట్లా కాదు. ఒడ్డుకు వచ్చిన అలల నీళ్లు వెనక్కి పోవడానికి ఇరుకు పాయ ఒకటి చేసుకుంటాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే, ఈ పాయ చాలాసార్లు నెమ్మదిగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తుంది. ఇక్కడ మంచిగుందని కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు.

అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, రెక్కలు పడిపోతాయి. అది మనిషిని అడుక్కి గుంజదు, లోపలికి మోసుకుపోతుంది. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకోండి, చెయ్యెత్తి కేకెయ్యండి. బలముంటే ఒడ్డు వెంబడి పక్కకు ఈది, పాయ దాటినాక అలలతో పాటు బయటికి రండి. దోస్తు కొట్టుకుపోతుంటే వెనకాలే దూకొద్దు. లైఫ్‌గార్డును పిలవండి, ఈలోగా ట్యూబో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరండి.

ఎరుపు-పసుపు జెండాల నడుమే దిగాలి. ఒట్టి ఎర్రజెండా ఉంటే దిగనే వద్దు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలంలో ఒడ్డున కూర్చుని చూడటమే. పిల్లాపాపలతో పోయేవాళ్లకు కలంగూట్, బాగా బీచ్‌ల కన్నా దక్షిణాన పాలోలెం బీచ్ నయం. అక్కడ అలలు కాస్త నెమ్మది, అయినా జెండా చూడాల్సిందే.

ఆడవాళ్లు చీరతో అలల్లోకి పోవద్దు. తడిసిన కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటే తేరుకునేలోపే ఇంకో అల మీద పడుతుంది. సెల్ఫీ కోసం సముద్రానికి వీపు పెట్టడమూ ఇలాంటిదే. పారాసెయిలింగ్, జెట్‌స్కీ ఎక్కితే లైఫ్ జాకెట్ బకిళ్లన్నీ పెట్టించుకోండి, పైన తగిలించుకుంటే సరిపోదు. ఒడ్డున జిగురుముద్దలా పడున్న జెల్లీఫిష్‌ను ముట్టొద్దు, చచ్చినా కుడుతుంది. కుట్టిన చోట రుద్దకుండా, మంచినీళ్లు పోయకుండా లైఫ్‌గార్డు దగ్గరికి పొండి. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ రాయాలి.

సాయంత్రం బీచ్ షాకుల్లో (ఒడ్డున ఉండే తిండి, మందు పాకల్లో) లైవ్ బ్యాండ్ మొదలవుతుంది. బరాత్ డీజేకు అలవాటైన చెవులే కదా అని స్పీకర్ పక్కన నిలబడొద్దు. జనంలో తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, ఆ చప్పుడులో ఫోన్ వినపడదు. గ్లాసు వదిలి ఆడటానికి పోతే, తిరిగొచ్చి అదే గ్లాసు తాగొద్దు.

ఆరుబయట స్పీకర్ల మోతకు రాత్రి 10 గంటలు హద్దు. అసలు గండం ఆ తర్వాతే. పాట ఆగుతుంది, మందు ఎక్కి ఉంటుంది, "కాళ్లు తడుపుకుని వద్దాం" అంటాడు ఒకడు. ఆ చీకట్లో లైఫ్‌గార్డులు ఉండరు, పాయ కనపడదు. అందుకే ఆ రాత్రికి తాగని ఒకరిని ముందే ఒప్పించి, అందరి బండి తాళాలూ వాళ్ల చేతికివ్వండి. ఎవరినీ నీళ్ల వైపు పోనీయకుండా రూముకు చేర్చే పని కూడా వాళ్లదే.