ఫోన్ బ్రాండ్ మారుస్తున్నారా? పాత ఫోన్ తుడిచేయకముందే చూసుకోవాల్సినవి

కొత్త ఫోన్ పెట్టె విప్పగానే అందరికీ ఫొటోల గురించే బెంగ. నిజానికి ఫొటోలు పోవడం తక్కువ. పోయేవి వేరే ఉన్నాయి: ఆథెంటికేటర్ కోడ్‌లు (లాగిన్ కోసం ఒక యాప్ పుట్టించే అంకెలు), వాట్సాప్ చాట్‌లు, ఫోన్ మెమరీలోనే ఉండిపోయిన కాంటాక్టులు, తాళం వేసి దాచిన ఫోల్డర్. పైగా ఇవి పోయినట్టు వెంటనే తెలియదు. పాత ఫోన్ రీసెట్ చేసి ఎవరికో ఇచ్చేశాక, ఏ పది రోజులకో ఎక్కడో లాగిన్ కావాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. అందుకే పాత ఫోన్‌ను కనీసం మూడు నాలుగు వారాలు అలాగే ఉంచండి. మార్పిడి ఇచ్చి కొత్తది తీసుకునే పద్ధతిలో కొంటుంటే పాతది అప్పగించే తేదీకి వారం ముందే పని మొదలుపెట్టండి.

ఒకే బ్రాండ్‌లో పాతది వదిలి కొత్తది తీసుకుంటే ఆ కంపెనీ క్లౌడే చాలావరకు తెచ్చిపెడుతుంది. బ్రాండ్ మారితే ఆ క్లౌడ్ వెంట రాదు. ఆండ్రాయిడ్ నుంచి మరో ఆండ్రాయిడ్‌కు వెళ్తే గూగుల్ ఖాతా ఉమ్మడిగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. ఆండ్రాయిడ్, ఐఫోన్ మధ్య ఏ వైపు మారినా ఒక్కొక్కటీ విడిగా చూసుకోవాల్సిందే.

ముందు తాళంచెవులు

అన్నిటికంటే ముందు చూడాల్సింది రెండంచెల లాగిన్ సంగతి, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే పద్ధతి. ఆథెంటికేటర్ యాప్‌లో కనిపించే ఆరంకెల కోడ్‌లు మీ ఫోన్ నంబర్‌తో పుట్టేవి కావు, ఆ యాప్‌లో దాగిన రహస్య కీతో పుడతాయి. సిమ్ తీసి కొత్త ఫోన్‌లో వేసినంత మాత్రాన అవి రావు. కొత్త ఫోన్‌లో అదే యాప్ వేసుకుంటే ఖాళీగా తెరుచుకోవచ్చు. గూగుల్ ఆథెంటికేటర్‌లో 2023 నుంచి గూగుల్ ఖాతాతో సింక్ చేసుకునే వీలుంది. కానీ అది మీ ఫోన్‌లో ఆన్‌లో ఉందో లేదో చూడాలి. లేకపోతే మెనూలో ఖాతాల బదిలీకి వెళ్లి ఎక్స్‌పోర్ట్ ఎంచుకుంటే క్యూఆర్ కోడ్ వస్తుంది, దాన్ని కొత్త ఫోన్‌తో స్కాన్ చేయాలి. ఖాతాలు చాలా ఉంటే క్యూఆర్‌లు ఒకటికి మించి వస్తాయి. మొదటిది స్కాన్ చేసి అయిపోయిందనుకుని ఆపేస్తే మిగతా ఖాతాలు పాత ఫోన్‌లోనే ఉండిపోతాయి. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి వరుసలు లెక్కపెట్టుకోండి. ఒక్కో ఖాతాకు రెండింటిలోనూ ఒకే కోడ్ వస్తుంటే బదిలీ సరిగ్గా జరిగినట్టు.

అన్ని ఆథెంటికేటర్లకూ ఈ సౌకర్యం ఉండదు. ఐఫోన్‌లో తీసిన బ్యాకప్‌ను ఆండ్రాయిడ్‌లో తెరవనివ్వని యాప్‌లు ఉన్నాయి. అలాంటప్పుడు ఒక్కో సైట్‌లోకి పాత ఫోన్ సాయంతో లాగిన్ అయి, రెండంచెల సెట్టింగ్‌లో కొత్త ఫోన్‌ను చేర్చుకోవడమే దారి. బ్యాకప్ కోడ్‌లు కూడా అప్పుడే తీసి పెట్టుకోండి. గూగుల్ ఒకేసారి పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. కాగితం మీద రాసుకోండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో దాచుకుంటే, ఇంటి తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టే.

బ్యాంకు యాప్‌లు కాపీ అయినా పనిచేయవు. అవి ఫోన్‌కూ సిమ్‌కూ ముడిపడి ఉంటాయి, కొత్త ఫోన్‌లో మళ్లీ నమోదు కావాలి. చాలావాటికి ఆ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. రెండు సిమ్‌లుంటే బ్యాంకులో ఇచ్చిన నంబరున్న సిమ్ నుంచే వెళ్తోందో లేదో చూడండి. కొత్త ఫోన్‌లో నమోదయ్యాక కొన్ని బ్యాంకులు కొంతకాలం లావాదేవీల పరిమితి తగ్గిస్తాయి కాబట్టి, తప్పనిసరి చెల్లింపులు ముందే కట్టేయండి. ఇంకో మాట: సిమ్ మార్చడం, ఫోన్ మార్చడం ఒకే రోజు పెట్టుకోవద్దు. కొత్త సిమ్‌లో మెసేజ్‌లు రావడం ఆలస్యమైతే ఓటీపీ అందదు, ఓటీపీ లేనిదే ఏదీ కదలదు.

ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే నమోదయ్యే సిమ్) ఉన్నవాళ్లకు మరింత జాగ్రత్త కావాలి. బ్రాండ్ దాటినప్పుడు అది దానంతటదే కొత్త ఫోన్‌లోకి వచ్చేస్తుందని నమ్మకండి. చాలాసార్లు ఆపరేటర్ నుంచి కొత్త క్యూఆర్ తీసుకోవాలి, ఒకసారి వాడిన క్యూఆర్ సాధారణంగా మళ్లీ పనిచేయదు. కొత్త ఫోన్‌లో సిగ్నల్ వచ్చి, కాల్ వెళ్లి, ఓటీపీ అందేదాకా పాత దాంట్లో ఈ-సిమ్ చెరపకండి.

వాట్సాప్: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే

గూగుల్ డ్రైవ్‌లో ఉన్న వాట్సాప్ బ్యాకప్ ఐఫోన్‌లోకి రాదు. ఐక్లౌడ్‌లో ఉన్నది ఆండ్రాయిడ్‌లోకి రాదు. బ్యాకప్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లకు దెబ్బ తగిలేది ఈ చోటే.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు: పాత ఫోన్‌లో ప్లే స్టోర్ నుంచి మూవ్ టు ఐఓఎస్ యాప్ వేసుకోవాలి. కొత్త ఐఫోన్ తొలి సెటప్‌లో ఆండ్రాయిడ్ నుంచి డేటా తెచ్చుకునే దశ వస్తుంది. దాన్ని దాటేసి ముందుకు వెళ్తే, వాట్సాప్ చాట్‌ల కోసం ఐఫోన్ చెరిపి మళ్లీ మొదటి నుంచి సెటప్ చేయాల్సి వస్తుంది. ఐఫోన్ చూపే కోడ్‌ను పాత ఫోన్‌లో కొట్టగానే రెండూ తాత్కాలిక వైఫైతో కలుస్తాయి. పంపాల్సిన వాటి జాబితాలో వాట్సాప్‌ను ఎంచుకుంటే అది చాట్‌లను సిద్ధం చేస్తుంది. తర్వాత ఐఫోన్‌లో అదే ఫోన్ నంబర్‌తో వాట్సాప్ తెరవాలి. ఇది జరిగేటప్పుడు రెండు ఫోన్లకూ చార్జర్ పెట్టి ఉంచండి. పాత ఫోన్‌లో ఆ యాప్ తెర మీదే ఉండాలి. మధ్యలో కాల్ ఎత్తినా, వేరే యాప్‌లోకి వెళ్లినా, తెర ఆరిపోయినా బదిలీ ఆగిపోవచ్చు. మొబైల్ డేటా ఆపేయడం మేలు, ఎందుకంటే ఇంటర్నెట్ లేని ఆ తాత్కాలిక వైఫైని వదిలేసి ఫోన్ డేటా వైపు వెళ్లిపోతుంది. ఆండ్రాయిడ్ ‘పూర్తయింది’ అని చూపించినా ఐఫోన్‌లో గీత చివరిదాకా నిండేంతవరకు రెండింటినీ కదపకండి.

ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు: కేబుల్ కావాలి. ఐఫోన్ 14, అంతకు ముందువైతే ఒక కొస లైట్నింగ్, ఇంకో కొస టైప్-సి. ఐఫోన్ 15 నుంచి రెండు కొసలూ టైప్-సి. ఇది కూడా కొత్త ఫోన్ తొలి సెటప్‌లోనే చేసుకోవడం మంచిది. సెటప్ మధ్యలో వచ్చే క్యూఆర్‌ను ఐఫోన్‌తో స్కాన్ చేస్తే చాట్‌ల బదిలీ తెర తెరుచుకుంటుంది. ఏ వైపు మారినా కాల్ హిస్టరీ మాత్రం రాదు.

ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కు డ్రైవ్ బ్యాకప్ సరిపోతుంది, కానీ అక్కడా ఒక గొయ్యి ఉంది. కొత్త ఫోన్‌లో నంబర్ ధ్రువీకరించగానే బ్యాకప్ తెచ్చుకోమంటారా అని అడుగుతుంది. తర్వాత చూద్దాంలే అని ‘స్కిప్’ నొక్కితే వాట్సాప్ ఖాళీగా మొదలవుతుంది. ఆ రాత్రి ఆటో బ్యాకప్ జరిగితే, ఆ ఖాళీ బ్యాకప్ డ్రైవ్‌లోని పాతదాని మీద కూర్చుంటుంది. బ్యాకప్ దొరకలేదని చెప్పినా సరే, స్కిప్ కొట్టకుండా ఆగి, పాత ఫోన్‌లో వాడిన గూగుల్ ఖాతానే కొత్తదాంట్లో ఉందా అని చూడండి. ఎక్కువసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ (తాళం వేసి దాచే బ్యాకప్) ఆన్ చేసి ఉంటే దాని పాస్‌వర్డో, 64 అంకెల కీయో లేకపోతే వాట్సాప్ వాళ్లు కూడా ఏమీ చేయలేరు. గుర్తులేకపోతే పాత ఫోన్ పనిచేస్తున్నప్పుడే సెట్టింగ్‌లో మార్చుకోండి.

కాంటాక్టులు, మెసేజ్‌లు

ఒక కాంటాక్ట్‌ను ఎడిట్‌లో తెరిస్తే అది ఎక్కడ దాగి ఉందో చాలా ఫోన్లు చూపిస్తాయి: ఫోన్, సిమ్, గూగుల్, లేదా ఆ కంపెనీ ఖాతా. గూగుల్‌లో ఉన్నవి వస్తాయి. మిగతావే ప్రమాదం. కాంటాక్ట్స్ యాప్‌లో అన్నిటినీ వీసీఎఫ్ ఫైల్‌గా (కాంటాక్టులన్నీ ఒకేచోట ఉండే ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌లో మీకు మీరే పంపుకోండి. సిమ్‌లోకి కాపీ చేయడం పాత అలవాటే గానీ, సిమ్‌లో పేరుకు చోటు తక్కువ. పొడుగు పేర్లు తెగిపోతాయి, పుట్టినరోజులు, చిరునామాలు రావు. చివరికి పాత ఫోన్‌లో ఎన్ని కాంటాక్టులున్నాయి, కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ ఎన్ని చూపిస్తోంది అనే రెండు అంకెలు పోల్చండి.

ఐఫోన్ వదిలేవాళ్లు సిమ్ తీయకముందే సెట్టింగ్స్‌లో ఐమెసేజ్, ఫేస్‌టైమ్ (ఆపిల్ సొంత మెసేజ్, కాల్ సేవలు) రెండూ ఆపేయాలి. లేకపోతే ఐఫోన్ ఉన్న మిత్రులు పంపే మెసేజ్‌లు మీ నంబర్ ఇంకా ఐమెసేజ్‌లోనే ఉందనుకుని అటే పోతాయి, మీకు చేరవు. మరచిపోయి సిమ్ మార్చేసినా, ఆపిల్ సైట్‌లో ఐమెసేజ్ నుంచి నంబర్ తీయించే పేజీ ఉంది. ఆండ్రాయిడ్ వదిలేవాళ్లు గూగుల్ మెసేజెస్‌లో ఆర్‌సీఎస్ చాట్‌లను (ఇంటర్నెట్ మీద వెళ్లే మెసేజ్‌లు) అలాగే ఆపేయాలి.

ఫొటోలు, దాచిన ఫోల్డర్లు

ఐఫోన్‌లో స్టోరేజీ ఆదా చేసే ఆప్షన్ ఆన్‌లో ఉంటే అసలు ఫొటోలు ఐక్లౌడ్‌లో ఉంటాయి, ఫోన్‌లో ఉండేవి చిన్న సైజు నకళ్లు. కేబుల్‌తో లాగితే అసలువి రావు. ఆపిల్ ప్రైవసీ పేజీ నుంచి ఐక్లౌడ్ ఫొటోలను గూగుల్ ఫొటోస్‌కు కాపీ చేయమని కోరవచ్చు. దానికి మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది, గూగుల్ వైపు చోటు కూడా ఉండాలి. ఉచితంగా వచ్చేది 15 జీబీయే. ఆ చోటులోనే మెయిల్, డ్రైవ్ అన్నీ సర్దుకోవాలి.

శాంసంగ్ సెక్యూర్ ఫోల్డర్, గూగుల్ ఫొటోస్‌లోని లాక్డ్ ఫోల్డర్, ఇతర బ్రాండ్ల ప్రైవేట్ ఆల్బమ్‌లు బదిలీ యాప్‌ల కంటికి కనిపించవు. ముందుగా వాటిలోంచి బయటకు తీయండి. కాల్ రికార్డింగులు, వాయిస్ రికార్డర్, కంపెనీ సొంత నోట్స్ యాప్ కూడా చూడండి. నోట్స్‌ను పీడీఎఫ్‌గా తీసుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటాయి. మెమరీ కార్డును ఫోన్ స్టోరేజీగా ఫార్మాట్ చేసి వాడి ఉంటే, వేరే ఫోన్‌లో అది చదవబడదు. అందులోనివి కంప్యూటర్‌లోకి తీసుకోవాల్సిందే.

పాస్‌వర్డ్‌లను సీఎస్‌వీ ఫైల్‌గా (ఎవరైనా తెరిచి చదవగల మామూలు జాబితా) తెచ్చుకుంటే, అందులో అన్నీ బట్టబయలుగా ఉంటాయి. కొత్త ఫోన్‌లోకి ఎక్కించిన వెంటనే ఫైల్ చెరిపి, ట్రాష్‌లోంచి కూడా తీసేయండి. పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ముఖంతోనో లాగిన్ చేయించేవి) ఈ ఫైల్‌లో రావు, కొత్త ఫోన్‌లో మళ్లీ చేసుకోవాలి.

వాచీ ఉంటే ఫోన్ కొనకముందే ఆలోచించండి. ఆపిల్ వాచ్ ఆండ్రాయిడ్‌తో పనిచేయదు. గెలాక్సీ వాచ్ 4 నుంచి వచ్చినవి ఐఫోన్‌తో కలవవు. పాత ఫాస్ట్ చార్జర్ కొత్త బ్రాండ్ ఫోన్‌కు పెడితే చార్జ్ అవుతుంది, కానీ ఆ వేగం రాకపోవచ్చు; చాలా కంపెనీల వేగం వాళ్ల చార్జర్, వాళ్ల కేబుల్ ఉంటేనే.

కొత్త ఫోన్‌లో మొదటి వారం

ఆండ్రాయిడ్ బ్రాండ్లలో చాలావాటికి బ్యాటరీ ఆదా కోసం యాప్‌లను వెనకనుంచి ఆపేసే అలవాటు ఉంది. మెసేజ్ వచ్చినా మోగదు, యాప్ తెరిచాకే గుట్టగా వచ్చి పడతాయి. ఇది నెట్‌వర్క్ లోపం కాదు. వాట్సాప్, మెయిల్, అలారం, బ్యాంకు యాప్‌లకు బ్యాటరీ సెట్టింగ్‌లో పరిమితి తీసేయండి, ఆటోస్టార్ట్ అనేది కనిపిస్తే ఆన్ చేయండి. అలారం ఒక రాత్రి పాత ఫోన్‌లో కూడా పెట్టుకుని పడుకోవడం తెలివైన పని.

డబ్బు పెట్టి కొన్న యాప్‌లు ఒక స్టోర్ నుంచి ఇంకో స్టోర్‌కు రావు. నెలనెలా కట్టే చందాలు మాత్రం మీరు ఆపేదాకా పాత స్టోర్‌లో నడుస్తూనే ఉంటాయి. ఆటల్లో సాధించినదంతా ఏ ఖాతాకు ముడిపడిందో చూసుకోండి. ‘గెస్ట్’గా ఆడి ఉంటే పాత ఫోన్‌తోనే పోతుంది.

తుడిచేసే రోజు

రీసెట్ బటన్ కంటే ముందు ఖాతాలు తీయాలి. ఐఫోన్‌లో ఫైండ్ మై (పోయిన ఫోన్‌ను వెతికే సౌకర్యం) ఆపి, ఆపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ అవ్వాలి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతాతో పాటు ఆ కంపెనీ ఖాతా కూడా తీసేయాలి. సిమ్, మెమరీ కార్డు బయటకు తీయండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లోంచే రీసెట్ చేయండి. ఖాతాలు తీయకుండా, బటన్లు నొక్కి పట్టుకుని రికవరీలోంచి చెరిపితే ఖాతా తాళం మిగిలిపోతుంది, తీసుకున్నవాళ్ల చేతిలో ఫోన్ ఇటుకరాయే. చెరిపాక ఒకసారి ఆన్ చేసి వైఫై ఇచ్చి చూడండి. స్వాగతం తెర తర్వాత పాత ఖాతా పాస్‌వర్డ్ అడిగిందంటే తాళం ఇంకా పోలేదు. ఆ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లి, ఖాతా తీసేసి, మళ్లీ రీసెట్ చేయండి.