స్త్రీల హక్కుల మీద ఒక ఆయత్‌ను ఎలా చదవాలి

"ఇస్లాంలో ఇలా ఉంది" అన్న మాట వినగానే ఖుర్ఆన్‌లో ఏ సూరా (అధ్యాయం), ఏ ఆయత్ (వాక్యం) అని సంఖ్య అడగండి. అది ఖుర్ఆన్ వాక్యమా, హదీసా (ప్రవక్త మాటలు, చేతల నివేదిక), తఫ్సీరా (ఖుర్ఆన్ వ్యాఖ్యానం), ఫిఖ్హ్ (ఇస్లామిక్ న్యాయశాస్త్రం) తీర్పా అన్నది మొదట తేలాలి. పక్కటెముక నుంచి స్త్రీని పుట్టించారన్న మాటే చూడండి. అది హదీసుల్లో ఉంది, ఖుర్ఆన్‌లో లేదు. 4:1 (నాలుగో సూరా, మొదటి ఆయత్) చెప్పేది ఒకే ప్రాణం నుంచి సృష్టి అని మాత్రమే.

ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: మూలంలో ఉన్నది, వ్యాఖ్యాత చేర్చినది, మీరు ఊహించినది. ఇప్పుడు అన్నిటికన్నా వివాదాస్పదమైన, దాంపత్య కలహంలో భార్యను కొట్టడం ప్రస్తావన ఉన్న 4:34 తీసుకోండి. కనీసం మూడు అనువాదాలు పక్కపక్కన పెట్టి, బ్రాకెట్లలో ఉన్న మాటల కింద గీత గీయండి. చాలా అనువాదాల్లో కనిపించే "తేలికగా" కొట్టడం అన్నదానిలో "తేలికగా" అరబీ మూలంలో లేదు. గాయం కాకూడదన్న హదీసు నుంచి అది వచ్చింది. కాబట్టి అది రెండో గడికి వెళ్లాలి.

తర్వాత ఆ ఆయత్‌లోని ముఖ్యమైన పదం ఇంకెక్కడ వచ్చిందో వెతకండి. నుషూజ్ (దాంపత్య బాధ్యత నుంచి తొలగడం) అనే పదం 4:34లో భార్య గురించి, 4:128లో భర్త గురించి వస్తుంది. మీ అనువాదంలో భార్యకు "అవిధేయత", భర్తకు "ఉపేక్ష" అని ఉంటే, ఆ తేడా అనువాదకుడు తెచ్చిపెట్టినదే.

4:34లో "కొట్టండి" అని అనువదించే దరబ అనే క్రియ విషయంలో ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఈ క్రియకు ఖుర్ఆన్‌లో చాలా అర్థాలున్నాయి: 14:24లో ఉపమానం చెప్పడం, 4:101లో ప్రయాణించడం. దీన్ని చూపి 4:34లో "దూరంగా ఉండండి" అని చదివేవారున్నారు. ఆ చదువు వెనకున్న ఆవేదన న్యాయమైనదే, కానీ వ్యాకరణం దానికి పూర్తిగా సహకరించదు. ప్రయాణమనే అర్థానికి "ఫీ", మళ్లించడమనే అర్థానికి "అన్" అనే విభక్తి పదాలు తోడుంటాయి. ఇక్కడ రెండూ లేవు. అర్థాన్ని బలవంతంగా వంచితే వాదన మొదటి ప్రశ్నకే కూలుతుంది. ప్రవక్త ఏ స్త్రీనీ కొట్టలేదని ఆయన భార్య ఆయిషా చెప్పిన హదీసు సహీహ్ ముస్లిం అనే హదీసు సంకలనంలో ఉంది. ఆ ఆచరణను ఆధారం చేసుకున్న వాదన ఇంతకన్నా గట్టిగా నిలుస్తుంది.

ముందువెనకల ఆయత్‌లు వదలకండి. నలుగురు భార్యల మాట ఉన్న 4:3 అనాథల ఆస్తి గురించి చెప్పే 4:2ను ఆనుకుని వస్తుంది. న్యాయం చేయలేమన్న భయముంటే ఒక్కరే అని ఆ ఆయత్‌లోనే ఉంది. ఎంత కోరుకున్నా భార్యల మధ్య సమన్యాయం చేయలేరని 4:129 అంటుంది. వారసత్వంలోనూ అంతే: కొడుక్కి కూతురి కన్నా రెట్టింపు వాటా అన్న 4:11లోనే, మృతుడికి సంతానముంటే తల్లికీ తండ్రికీ చెరొక ఆరో వంతు.

సాక్ష్యం గురించైతే 2:282, 24:6-9 కలిపి చదవండి. ఒక పురుషుడు, ఇద్దరు స్త్రీలు అన్న లెక్క గడువు పెట్టి రాసుకునే అప్పు పత్రానిది. దాన్ని ఇతర వ్యవహారాలకు విస్తరించింది న్యాయపండితులు. వ్యభిచార ఆరోపణ చేసిన భర్త ఐదు ప్రమాణాలు చేస్తే, భార్య చేసే ఐదు ప్రమాణాలు ఆమె మీది శిక్షను తొలగిస్తాయి. అక్కడ ఇద్దరి మాటకూ ఒకటే బరువు.